తెరకు లక్క ముద్ర

మధ్యాహ్నానికల్లా జాబితా ప్రింటు తీసి, సెలవు చీటీ మీద సూపరింటెండెంటు చేత సంతకం పెట్టించుకుని, మూడింటి బస్సుకు మధిర వెళ్లాలని శ్యామల అనుకుంది. మర్నాడు చెల్లెలు యశోదకు ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తామన్నారు. పక్కన ఉండటానికి ఈమె తప్ప మరో ఆడదిక్కు లేదు.

భద్రాచలంలో గోదావరి కరకట్టను ఆనుకుని ఉన్న ఆ ఆఫీసులో కంప్యూటరు ఒక్కటే. దాని ముందు ధైర్యంగా కూర్చునేదీ శ్యామల ఒక్కతే. వరదలో ఇళ్లు మునిగిన మూడువందల పన్నెండు కుటుంబాల జాబితాను మూడు వారాలు కూర్చుని కొట్టింది. ముందురోజు సాయంత్రం ఖమ్మం నుంచి ప్రభాకర్ అనే ఇంజనీరు వచ్చి, కంప్యూటరును నడిపే లినక్సుకు కొత్త వెర్షన్ ఎక్కించి, "ఇగ గుర్రం లెక్క ఉరుకుతది మేడం" అని చెప్పి పోయాడు.

పొద్దున్నే పాస్‌వర్డ్ కొట్టగానే నీలం తెర వచ్చింది. దాని మీద ఒక్క బొమ్మా లేదు. కిరాయివాళ్లు ఖాళీ చేసి పోయిన ఇల్లులా ఉంది. ప్రభాకర్ ఫోను స్విచాఫ్. అంతలో సూపరింటెండెంటు వెంకటరామారావు వెనక నుంచి తొంగి చూశాడు.

"ఏంటమ్మా ఇది? జాబితా ఏదీ?"

"కనపడతలేదు సార్. లోపలనే ఉంటది. ఇంజనీరు దొరికితే అడుగుతా."

"కనపడకపోతే పోయినట్టే. ముప్పై ఏళ్ల సర్వీసులో, లోపలే ఉందని చెప్పని గుమస్తాను నేను చూళ్లేదు."

ఆయన బీరువాలతో కాపురం చేసిన మనిషి. ఫైలు పోతే ఏం చేయాలో ఆయనకు కంఠతా వచ్చు. ముందు పంచనామా, తర్వాత సాక్షులు, ఆపైన సీలు, చివరికి పై ఆఫీసుకు ఫ్యాక్సు. ఎదురుగా ఉన్న టీ కొట్టు నుంచి లచ్చిరాంనూ మంగీలాల్‌నూ సాక్షులుగా పట్టుకొచ్చారు.

"ఏం పోయింది సారూ?" అన్నాడు లచ్చిరాం.

"జాబితా."

"ఎట్లుంటది అది?"

"నువ్వు సంతకం పెట్టవయ్యా!"

అటెండరు తుల్సీరాం కొవ్వొత్తి వెలిగించి లక్క కరిగించాడు. "ఎక్కడ వేయాలె సార్?"

"జాబితా ఎక్కడ కనిపించేది?"

"టీవీల సార్."

"అయితే దానికే వెయ్యి."

తెరకు తెల్లగుడ్డ చుట్టి, పురికొసతో కట్టి, నాలుగు వైపులా ముద్ర కొట్టారు. బల్ల కింద ఉన్న అసలు కంప్యూటరు డబ్బా మాత్రం, ఈ తతంగంతో తనకేం పని అన్నట్టు గుర్రుమంటూనే ఉంది.

"మరి నా సెలవు సార్?"

"సెలవా? జాబితా దొరికేదాకా ఊరు కదలడానికి వీల్లేదు. సస్పెన్షన్ రాకపోతే అదే పదివేలు!"

శ్యామలకు ఏడుపొచ్చింది. కానీ ఏడిస్తే బస్సు ఆగదు. అందరూ భోజనాలకు లేచాక, స్టోరు గదిలో మూలన పడున్న పాత తెరను మోసుకొచ్చి డబ్బాకు తగిలించింది. అప్పటికి ప్రభాకర్ ఫోను ఎత్తాడు.

"అయ్యో మేడం, కొత్త డెస్క్‌టాప్‌లకు పోయిండ్రు మీరు. దాంట్ల పాత బొమ్మలు కనపడవు. బయటికి రాండ్రి. పాస్‌వర్డ్ కొట్టే కాడ కింద సెషన్ అని ఉంటది. దాంట్ల పాతది పెట్టుండ్రి. గంతే."

పెట్టింది. బొమ్మలన్నీ వచ్చి వాటి వాటి చోట్ల కూర్చున్నాయి. మూడువందల పన్నెండు కుటుంబాలూ క్షేమం. జాబితాను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని పరుగున వెళ్లింది.

"దొరికింది సార్!"

వెంకటరామారావు ముఖం పాలిపోయింది. గబగబా లేచి తలుపు మూశాడు.

"ఎవరికైనా చెప్పావా? ఫ్యాక్సు వెళ్లిపోయిందమ్మా! నా సంతకం, ఇద్దరు సాక్షులు, నాలుగు ముద్రలు! ఇప్పుడది దొరికితే పోయేది నేనే. రిటైర్మెంటు ఆర్నెల్లే ఉంది."

"మరెట్ల సార్?"

"మళ్లీ కొట్టాలి. మొదట్నుంచీ."

శ్యామల పెన్‌డ్రైవ్‌ను సంచిలో వేసుకుంది.

"ఈడ ఫోన్లు, జనం... అయ్యే పని కాదు సార్. మధిరల మా చెల్లె ఇంటి పక్కన కంప్యూటర్ ఉంది. రాత్రింబగళ్లు కొట్టినా మూడు రోజులు పడతది. సెలవని కాదు సార్, డ్యూటీ మీదనే అని రాస్తా."

ఆమె రాసిచ్చిన కాగితం చదవకుండానే ఆయన సంతకం పెట్టాడు. మూడింటి బస్సులో శ్యామలకు కిటికీ పక్క సీటు దొరికింది. మర్నాడు యశోదకు ఆడపిల్ల పుట్టింది.

నాలుగో రోజున అందిన కొత్త జాబితాను పై ఆఫీసువాళ్లు శ్యామల ముందే కొట్టి పంపగా తమ బీరువాలో పడి ఉన్న పాత నకలుతో పోల్చి చూసి, ఆరు అచ్చుతప్పులతో సహా సరిపోయిందంటూ, శ్యామల జ్ఞాపకశక్తిని మెచ్చుకుని మెమో పంపారు.