కనక మడికి దక్కిన గౌరవం

అనంతగిరి కొండల్లో వాననీటికి అనుమతి కావాలని ఇందుమూలముగా తెలియజేయడమైనది. కురవడానికి అక్కర్లేదు. కురిశాక, ఏదైనా కట్టడం పని జరుగుతున్న స్థలంలోంచి బయటికి పోవడానికి మాత్రం కావాలి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో వచ్చిన ఈ నియమం నిజంగా మంచిదే. కొండ తవ్వితే మట్టి వానకు కొట్టుకొచ్చి గెడ్డలో, అంటే కొండవాగులో, పడుతుంది. అలా కాకుండా బురదనీరు ఆగి తేరుకోవడానికి ఒక మడుగు కట్టాలి. మడుగు ఉంటేనే అనుమతి.

మైదానం నుంచి వచ్చిన తాతారావుగారు గొప్ప ప్రకృతి ప్రేమికులు. ఆ ప్రేమ పట్టలేక ఒక కొండను సగానికి తవ్వించి రిసార్టు మొదలుపెట్టారు. గిరిజన ఏజెన్సీలో బయటివాళ్లకు భూమి చెల్లదు కనుక కాగితాల మీద యజమాని ఆ ఊరివాడే అయిన వాచ్‌మన్ ఫల్గుణ. తాతారావుగారి జీపు రాగానే ఆ యజమానే పరుగున వచ్చి గేటు తీసి సలాం కొడతాడు. మడుగు కట్టాల్సిన చోట ఈతకొలను కట్టారు. రెండిట్లోనూ ఉండేది నీళ్లే కదా.

ఆ కొండ కింద, గెడ్డ వారన, కనక మడి ఉంది. ఆమె ఇంట్లో ఏడాది పొడవునా పొయ్యి మీదికెక్కే గింజ ఆ మడిలోదే. మొదటి పెద్ద వానకే కొండ మట్టి దిగివచ్చి నారంతా కప్పేసింది. ఒకరి మడికి ఆపద వస్తే కబురు పెట్టకుండానే ఊరంతా పనిలోకి దిగడం అక్కడి ఆచారం. "నా మడి ఎలాగూ పోయింది, మీవైనా మిగలాల" అంది కనక. అందరూ కలిసి, బురద కింది మళ్లలోకి పోకుండా ఆమె మడి గట్టును రాళ్లతో నడుమెత్తు లేపారు. కనక అందరికీ అంబలి పోసింది. ఇంత తెలివితక్కువ పని చదువుకున్నవాళ్లు చేయరు.

వాన కాస్త తెరిపిచ్చాక తనిఖీ ఇంజనీరు మోహన్‌కృష్ణగారు వేంచేశారు. థింసా నాట్యంతో స్వాగతం, బొంగులో చికెన్‌తో విచారణ ముగిశాయి. తర్వాత గెడ్డలో సీసా ముంచి చూస్తే, బురదంతా కనక మడిలోనే ఆగిపోయింది కనుక, నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఆయన రాతిగట్టు తట్టి, గొంతు సవరించుకున్నారు.

"స్థానిక రాయి, స్థానిక నైపుణ్యం! నా సర్వీసులో ఇంత చక్కటి మడుగు చూడలేదు!"

"అంతా తమ ఆశీస్సులు. ప్రకృతి తల్లికి నా వంతు సేవ" అన్నారు తాతారావుగారు, తడుముకోకుండా.

కనక ముందుకొచ్చింది. "మడుగేటి బాబూ? ఇది మా మడి. బేగి మట్టి తీయించీండి. నాట్ల యేళ దాటిపోతంది. మేం ఏటి తింటాం?"

"మడి అయితే వరి ఉండాలి కదమ్మా. వరి ఏదీ?" అన్నారు ఇంజనీరుగారు ఓపిగ్గా.

నిజమే, వరి లేదు. దాచడమెందుకు, ఇది రాస్తున్న నాకు అక్కడ ఒళ్లు మండింది. నియమాలు మరోసారి చదువుకుని చల్లబడ్డాను.

అనుమతి వచ్చింది. కనక మడి రిసార్టు వారి మడుగుగా నమోదైంది. మడుగులో నాట్లు వేస్తే శిక్షార్హం. అయితే ప్రభుత్వం దయలేనిది కాదు. మట్టి తీయించమని కనక అడిగింది కదా, తీసే కూలిపని ఆమెకే ఇప్పించారు. పైనుంచి మట్టి వస్తూనే ఉంటుంది కాబట్టి ఆ పనికి ఢోకా లేదు. ఇప్పుడామె సంతలో బియ్యం కొనుక్కుంటోంది.

మడుగు పక్కన "ఇచ్చట ప్రకృతి పదిలం" అని అందమైన బోర్డు పెట్టారు. కిందటి సెలవుల్లో మీరు పిల్లలతో దాని ముందు నిలబడి ఫొటో దిగారు, గుర్తుందా? వెనకాల మోకాలి లోతు బురదలో ఒకావిడ తట్ట పట్టుకుని ఉంటే, ఫొటోకి అడ్డంగా ఉంది, కాస్త పక్కకి జరగమన్నారు.

పాపం, జరిగింది. ఫొటో చక్కగా వచ్చింది.