నోరు తెరవకుండానే పళ్ళ పరీక్ష

నోరు తెరిపించకుండా పళ్ళు పరీక్షించడాన్ని మించిన వైద్యం ఈ భూమ్మీద లేదని బల్లగుద్ది చెబుతున్నాను! నవ్వకండి. నవ్వితే మీ పళ్ళు బయటపడతాయి.

మనకు పన్ను నొప్పి వస్తే ఏం చేస్తాం? ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాం. డాక్టరు కుర్చీలో వెల్లకిలా పడుకుని, నోటినిండా పనిముట్లు పెట్టించుకుంటాం. సరిగ్గా అప్పుడే ఆయన "ఎక్కడ పనిచేస్తున్నారండీ?" అని అడిగితే "ఆఁ... ఊఁ..." అని జవాబు చెబుతాం. ఎంత నామర్దా!

మా పిన్నికి ఆ తిప్పలు లేవు. పక్షవాతంతో మాట పడిపోయాక ఆవిడ ఒక సంరక్షణ కేంద్రంలో ఉంటోంది. అక్కడ నెలనెలా నోటి పరీక్ష చేస్తారు. దేనితో అనుకున్నారు? పచ్చరంగు ఫారంతో! మేట్రన్ గారు మంచం కాళ్ళ దగ్గర నిలబడి, "అమ్మా, పళ్ళేమైనా నొప్పా?" అని అడుగుతారు. పిన్ని మాట్లాడదు. నొప్పి లేదని టిక్కు! "చిగుళ్ళేమైనా మంటా?" మౌనం. ఇంకో టిక్కు! అర నిమిషంలో ముప్ఫై రెండు పళ్ళూ ఆరోగ్యం. అసలు పిన్నివి కట్టుడు పళ్ళని రాయడానికి ఆ ఫారంలో చోటే లేదు.

టార్చి అక్కర్లేదు, గ్లవ్స్ అక్కర్లేదు. ఇంత సుఖమైన పద్ధతిని పళ్ళకే పరిమితం చేయడం అన్యాయం కాదూ? వంతెన పటిష్ఠంగా ఉందో లేదో వంతెననే అడగాలి. అది మాట్లాడకపోతే లారీలు వదిలెయ్యాలి!

పోయిన నెల పిన్ని తిండి మానేసింది. చెంచా దగ్గరికి తెస్తే మొహం తిప్పుకునేది. చేతి గడియారం మోచేతి దాకా జారేంతగా చిక్కిపోయింది. ఫారం ప్రకారం నోరు దివ్యంగా ఉంది కాబట్టి, మొండితనమని తేల్చారు. సోమవారం ముక్కులోంచి గొట్టం వేస్తామన్నారు. నేనూ వెళ్ళి, "చిన్నపిల్లలా ఏంటి పిన్నీ ఈ పేచీ?" అని మందలించి వచ్చాను. ఆవిడ నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

ఆదివారం కొత్తగా చేరిన ఆయా ఒక ఘోరం చేసింది. పద్ధతులు తెలియని మనిషి కదా, పిన్ని నోరు తెరిపించి చూసింది!

"బాబుగారూ, ఇవి ఈవిడ పళ్ళు కావండీ, కొలతే సరిపోలేదు," అంది నన్ను పిలిచి. "చిగురు ఎలా పుండయిపోయిందో చూడండి. తిండెలా తింటారు పాపం?"

కూపీ లాగితే తేలిందిది. పొద్దున్నే పని తెమలాలని వార్డులో అందరి పళ్ళూ ఒకే బేసిన్‌లో కడుగుతారు. తర్వాత మంచాల వరసలో చేతికి వచ్చిన సెట్టు పంచేస్తారు. వెతగ్గా వెతగ్గా, మతిమరుపుతో ఉన్న మూడో మంచం లెక్కల టీచరమ్మ నోట్లో మా పిన్ని నవ్వు దొరికింది. మూడు వారాలుగా ఆవిడ రోజుకొకరి నవ్వుతో అందరినీ పలకరిస్తోందట. ఆవిడ ఫారంలోనూ అన్నీ టిక్కులే!

పళ్ళ డాక్టరు సంచీతో వచ్చి, చిగుళ్ళకు మందు రాసి, ప్రతి సెట్టుమీదా పేరు చెక్కించారు. బేసిన్ పోయి ఎవరి డబ్బా వాళ్ళకు వచ్చింది. గొట్టం మాట ఎగిరిపోయింది. వారం తిరిగేసరికి పిన్ని రెండో చెంచాకి తనే నోరు తెరిచింది. నాకు ఏడుపొచ్చింది.

నోరున్నవాడిదే రాజ్యమంటారు. మరి నోరుండీ మాట లేనివాళ్ళ సంగతి? వాళ్ళను కనిపెట్టుకుని ఉండాల్సిన వాళ్ళెవరో నిలదీద్దామని పాత ఫారాలన్నీ తిరగేశాను. ప్రతిదాని అడుగునా ఒక గీత ఉంది: "కుటుంబ సభ్యులు స్వయంగా చూసి ధ్రువీకరించినది." గీతమీద సంతకం. పద్నాలుగు నెలలు, పద్నాలుగు సంతకాలు. మెలికలు తిరిగిన చక్కటి సంతకం. కౌంటరు దగ్గరే నిలబడి, మంచం దాకా వెళ్ళకుండా, నేను పెట్టిందే!

ఈ నెల ఫారం వచ్చింది. మంచం పక్కన కూర్చుని, "పిన్నీ, ఆ అను," అన్నాను. నోరు తెరిచింది. వేలు పెట్టి చూశాను. కటుక్కున కొరికింది! పొరపాటున కాదు. ఆవిడ కళ్ళు నవ్వుతూనే ఉన్నాయి.

పళ్ళ పనితీరు భేషుగ్గా ఉందని రాసి, స్వయంగా చూసి సంతకం పెట్టాను. ఎడమ చేత్తో పెట్టడం వల్ల కాస్త వంకరగా వచ్చింది.