మునిగిన మర్నాటి డ్యూటీ

నిరుడు వానాకాలంలో నదిలో మునిగి చనిపోయిన రాఫ్టింగ్ గైడు సోడె వీరభద్రం, మర్నాడు ఉదయం యథాప్రకారం డ్యూటీకి వచ్చాడు. అప్పటినుంచి ఒక్కరోజు కూడా నాగా పెట్టలేదు. తెల్లవారగానే రేవు దగ్గర నీళ్ళలోంచి లేచి వస్తాడు, రాఫ్టులకు గాలి కొడతాడు, పొద్దుగూకాక మళ్ళీ నీళ్ళలోకి దిగిపోతాడు. హాజరు పుస్తకం తడుస్తోందని, అతని తరఫున సంతకం మేనేజరు శేషగిరే పెడుతున్నాడు.

ఆ ఆదివారం ఒక బీమా కంపెనీ ఉద్యోగులు విహారానికి వచ్చారు. గైడు చనిపోయిన మనిషన్న సంగతి బుకింగ్ షరతుల్లో చిన్న అక్షరాలతో ఉంది కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. వాళ్ళలో వసుంధరకు ఈత రాదు. వీరభద్రం ఆమె హెల్మెట్ పట్టీ కింద వేలు దూర్చి బిగువు చూశాడు. ఆ వేలు చల్లగా ఉంది.

"పడిపోతే వెల్లకిలా తేలండమ్మా, కాళ్ళు ప్రవాహం పోయే వైపు పెట్టి. లేచి నిలబడాలని మాత్రం చూడొద్దు. రాళ్ళ సందులో పాదం ఇరుక్కుందంటే నీళ్ళు మనిషిని వంచేస్తాయి. నాకు అలాగే అయ్యింది."

తెలిసి కూడా ఎందుకు నిలబడ్డావని ఆమె అడిగింది. పడిపోయిన పర్యాటకుణ్ణి రాఫ్టులోకి ఎత్తాలంటే నిలబడక తప్పలేదన్నాడు. ఆ పర్యాటకుడు క్షేమంగా ఊరు చేరి, సర్వీసు బాగుందని రాశాడట.

ఈలోగా వీరభద్రం భార్య ముత్తమ్మ తువ్వాలు తెచ్చి, ఎంతకీ ఆరని అతని తల తుడవసాగింది. వసుంధర చేసేది క్లెయిముల విభాగంలో. ముత్తమ్మను పక్కకు పిలిచి, మరణ పరిహారం అందిందా అని అడిగింది. అందలేదు. హాజరు ఉన్నంతకాలం మరణం లేనట్టేనని, పనికి రావడం మానిన రోజే చనిపోయినట్టు లెక్కని శేషగిరి చెప్పాడట. నిబంధన ప్రకారం అది సబబేనని వసుంధరకూ తెలుసు. ఒక్కరోజు అతన్ని రావద్దంటే చాలు, మిగతా పని తాను చూసుకుంటానంది.

ముత్తమ్మ తువ్వాలు పిండింది.

"రాకపోతే పోయినట్టే కదమ్మా. వస్తే పొద్దుగూకేదాకా ఉంటాడు."

వారానికో సెలవు కూడా రద్దు చేయమని తనే బతిమాలుకున్నానని చెప్పింది. శేషగిరి మానవతా దృక్పథంతో ఒప్పుకున్నాడట.

రాఫ్టు ఎక్కే ముందు వసుంధర లైఫ్ జాకెట్ బకిల్ విరిగి చేతిలోకి వచ్చింది. వేరే జాకెట్ లేదని శేషగిరి వినయంగా చెప్పాడు.

"కంగారు పడకండి మేడమ్. ఈ నదిలో ఇంతవరకు ఎవరి ఉద్యోగమూ పోలేదు."

వసుంధర తమతో విహారానికి వచ్చిన తన పై అధికారి వైపు చూసింది. ఆయన తృప్తిగా తలాడించాడు. ఆమె పట్టీలు రెండూ కలిపి ముడి వేసుకుని, ఎక్కి తన చోట కూర్చుంది. వీరభద్రం రాఫ్టును ప్రవాహంలోకి నెట్టాడు.