నేరేళ్లంక స్పీడ్ బ్రేకర్‌కు మూడేళ్లు

నేరేళ్లంక మునిసిపల్ ఆఫీసు ఎదుటి స్పీడ్ బ్రేకర్‌ను, బస్సులో ఒక స్త్రీ నడుం మీద చెయ్యి వేయించిన నేరానికి, మంగళవారం ఉదయం పదకొండుంబావుకు పోలీసులు అరెస్టు చేశారు. అది ఏమీ గొడవ చెయ్యలేదు. నలుగురు కూలీలు గునపాలతో దాన్ని రోడ్డు మీంచి లేవదీస్తుంటే ఒక కానిస్టేబులు ట్రాఫిక్ ఆపాడు, ఇంకొకాయన ఎందుకు అరెస్టు చేస్తున్నదీ చట్టప్రకారం దానికి చదివి వినిపించాడు. పేపరువాళ్లు వచ్చారు గనుక ముఖానికి నల్లగుడ్డ కప్పాలన్నారు. ముఖం ఎటువైపుందో తేలక మొత్తం కప్పేసి ట్రాక్టరు ఎక్కించారు.

ఫిర్యాదు చేసింది గుత్తుల హైమ. ముప్పై నాలుగేళ్ల మనిషి. మెయిన్ రోడ్డులో రక్తపరీక్షలు చేసే ల్యాబులో టెక్నీషియను. రోజుకు అరవై మంది చేతులు పట్టుకుని నరం వెతకడం ఆమె పని. అందుకని ఏ చెయ్యి భయపడుతోందో, ఏ చెయ్యి భయం నటిస్తోందో పట్టుకున్న మరుక్షణం చెప్పేస్తుంది. ఆ రోజు ఎనిమిదీ నలభై బస్సులో సీటు దొరక్క నిలబడింది. వెనక దస్తావేజుల చిదంబరం గారు నిలబడ్డారు. రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసే పెద్దమనిషి ఆయన. నుదుట విభూతి, జేబులో మూడు పెన్నులు. బస్సు స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగింది. చిదంబరం గారి చెయ్యి హైమ నడుం మీద పడింది. పడింది పడ్డట్టే ఉండిపోయింది. మునిసిపల్ ఆఫీసు వెనకబడింది, కూరగాయల మార్కెట్టు వచ్చింది, గాంధీబొమ్మ వచ్చింది, చెయ్యి మాత్రం దిగలేదు. హైమ వెనక్కి తిరక్కుండానే ఆ మణికట్టు పట్టుకుంది. నాడి నిమిషానికి డెబ్బై రెండు. కంగారన్నది ఇసుమంత లేదు.

"బస్సు పోలీస్ స్టేషన్‌కి పోనియ్ అన్నయ్యా!" అని అరిచింది.

"నేనేం చేశానమ్మా? చేసింది స్పీడ్ బ్రేకర్ కదా! నువ్వు నా కూతురి వయసుదానివి," అన్నారు చిదంబరం గారు, చెయ్యి ఆమె పిడికిట్లోనే ఉంచి.

"మరేనండి, అది ఎప్పుడూ అంతేనండి. మొన్న నా టిక్కెట్ల మిషను కూడా కింద పడేసింది," అన్నాడు కండక్టరు. బస్సులో ఉన్న ముప్పై ఒక్కమందీ ఎవరి కష్టం వాళ్లు చెప్పుకున్నారు. ఒకావిడకి గుడ్లు పగిలాయి. ఒకాయన కట్టుడు పళ్లు ఊడి ముందువాడి చొక్కా జేబులో పడ్డాయి. స్టేషన్‌కి చేరేసరికి ఆ స్పీడ్ బ్రేకర్ ఎంత దుర్మార్గమైందో అందరికీ రూఢి అయిపోయింది.

ఎస్సై గారు అందరి మాటలూ శ్రద్ధగా విన్నారు.

"చెయ్యి ఎవరిదమ్మా?"

"ఆయనదండి," అంది హైమ.

"వేయించింది ఎవరు?"

"స్పీడ్ బ్రేకరండి," అన్నారు బస్సులోవాళ్లంతా ఒకే గొంతుతో.

"అయితే ముద్దాయి దొరికినట్టే. చిదంబరం గారూ, మీరు ప్రత్యక్ష సాక్షి. మీకంటే దగ్గర్నించి చూసినవాళ్లు ఇంకెవరున్నారు?" అని ఆయన్ని ఫ్యాను కింద కూర్చోబెట్టి మజ్జిగ తెప్పించారు.

ఇలాంటి ఫిర్యాదు ఆడ పోలీసే రాసుకోవాలన్నది నిబంధన. మంత్రి గారి బందోబస్తులో ఉన్న హెడ్డు కానిస్టేబుల్ ఎస్తేరమ్మను అందుకోసం పిలిపించారు. ఆవిడ వస్తూనే టోపీ తీసి బల్ల మీద పెట్టి, హైమ భుజం తట్టి, కాగితాలు ముందుకు లాక్కుంది. పాతికేళ్ల సర్వీసు. న్యాయ సంహిత ఆవిడకి నోటికి వచ్చు.

"చూడమ్మా, ముందు డెబ్బై నాలుగు పెడుతున్నాను. ఆడమనిషి గౌరవానికి భంగం కలిగించే ఉద్దేశంతో బలప్రయోగం. తక్కువలో తక్కువ ఏడాది, ఎక్కువలో అయిదేళ్లు, జరిమానా అదనం. బెయిలు అంత తేలిగ్గా రాదు. దానికి తోడు డెబ్బై అయిదు, లైంగిక వేధింపు. మూడేళ్ల దాకా కఠిన కారాగారం. అసభ్యంగా ఏమన్నా మాట్లాడిందా?"

"ఎవరండీ?"

"స్పీడ్ బ్రేకరమ్మా."

"లేదండి."

"సైగలు?"

"లేదండి."

"అయితే డెబ్బై తొమ్మిది తీసేస్తున్నాను. వెంటబడిందా?"

"అది ఉన్నచోటే ఉంటుంది కదండీ!"

"డెబ్బై ఎనిమిదీ పోయింది," అని ఎస్తేరమ్మ బాధగా కొట్టేసింది. "రోజూ అదే టైముకి అదే చోట కాపేసి ఉంటుందనుకో. కానీ కదలందే వెంటబడ్డట్టు కాదంటారు కోర్టులో."

హైమ బల్ల మీదికి వంగింది. "మేడమ్, నా నడుం మీద ఉంది చిదంబరం గారి చెయ్యండి. మూడు స్టాపుల దాకా ఉందండి. మొదటి స్టాపు దాటాక కుదుపే లేదండి."

"చెయ్యి ఆయనదే తల్లీ, ఎవరు కాదన్నారు? కానీ సెక్షన్లో ఉన్న మాట ఉద్దేశం. ఆయన ఉద్దేశం రిజిస్ట్రేషన్ ఆఫీసుకి పోవడం. టిక్కెట్టు ఉంది. మరి స్పీడ్ బ్రేకర్ ఉద్దేశమేంటి? పోయేవాళ్లని కుదపడం. దానికి కౌన్సిల్ తీర్మానం ఉంది, నంబరుతో సహా. రాతపూర్వకంగా దొరికిన ఉద్దేశాన్ని నా సర్వీసులో ఇదే చూడ్డం!"

హైమకి ఏదో అనాలనిపించింది. కానీ ఆ మాటలో తప్పెక్కడుందో వెతుకుతుండగానే ఎస్తేరమ్మ మిగతా ఖాళీలు నింపేసింది. ముద్దాయి పేరు: స్పీడ్ బ్రేకర్. తండ్రి పేరు: మునిసిపల్ ఇంజనీరింగ్ విభాగం. వయసు: నాలుగు సంవత్సరాల రెండు నెలలు. రంగు: నలుపు. గుర్తింపు చిహ్నాలు: వెలిసిపోయిన తెల్ల చారలు. ఎఫ్‌ఐఆర్ గంటలో అయిపోయింది. కాపీ చేతిలో పెట్టారు, పైగా ఆటో ఎక్కించి పంపించారు. ఆడవాళ్ల ఫిర్యాదు ఇంత చురుగ్గా తీసుకోవడం ఆ స్టేషన్లో ఎవరూ చూసెరుగరు.

ఇంటికి వెళ్లి చెబితే భర్త సూరిబాబు కోపంతో ఊగిపోయాడు. అతను ఆటో నడుపుతాడు. "నాకు ముందు నించీ దాని మీద అనుమానమే. ఎన్నిసార్లు బండి కమ్ములు విరగ్గొట్టిందో! నువ్వేం భయపడకు, నేనున్నాను," అన్నాడు.

"మరి చిదంబరం గారో?" అంది హైమ.

"ఆయన మన పక్కే కదే, సాక్షి!" అన్నాడు సూరిబాబు. నిజంగానే ఆమె మీద ప్రేమతోనే అన్నాడు. అందుకని హైమ అన్నం వడ్డించింది.

దర్యాప్తులో ఎక్కడా లోటు జరగలేదు. ముద్దాయి నమూనా సీసాలో వేసి పరీక్షకు పంపారు. ఊళ్లో ఉన్నది ఒక్కటే ల్యాబు, అందులో ఉన్నది ఒక్కతే టెక్నీషియను. హైమే పరీక్ష చేసి, రక్తవర్గం తెలియలేదు, చక్కెర లేదు, తారు ఎక్కువ అని రాసి సంతకం పెట్టింది. తరవాత జైలు ఆవరణలో గుర్తింపు పరేడు. పక్క ఊళ్ల నించి అదే ఎత్తు, అదే రంగు స్పీడ్ బ్రేకర్లను అయిదింటిని తెచ్చి, దీన్ని నాలుగోదానిగా కలిపి వరసగా పడుకోబెట్టారు. గుర్తుపట్టకూడదనే హైమ వెళ్లింది. కానీ నాలుగేళ్లుగా రోజుకు రెండుసార్లు దాన్ని దాటిన మనిషి. ఎడమ కొసన పైపుల కోసం తవ్వి పూడ్చిన గాటు చూడగానే నోరు జారి "అదేనండి" అనేసింది. జైలు సిబ్బంది చప్పట్లు కొట్టారు. ఇన్ని పరేడ్లలో మొదటి చూపుకే గుర్తుపట్టినవాళ్లు లేరట. హైమకి చెంపలు వేడెక్కాయి. ఎంత వద్దనుకున్నా కొంచెం గర్వంగానే అనిపించింది.

విచారణ పంతొమ్మిది రోజుల్లో ముగిసింది. ముద్దాయికి స్తోమత లేదు గనుక లీగల్ ఎయిడ్ నించి లాయరును ఇచ్చారు. ఆయన చాలా కష్టపడ్డాడు.

"అక్కడ స్పీడ్ బ్రేకర్ ఉందని బోర్డు ఉంది కదమ్మా. చదివారా?"

"చదివానండి."

"చదివి కూడా ఆ దారినే ఎందుకు వెళ్లారు?"

"ల్యాబు అటే ఉందండి."

"కూర్చుని వెళ్లొచ్చు కదా? నిలబడింది మీ ఇష్టంతోనే కదా?"

"సీట్లు లేవండి."

"సీట్లున్న బస్సు వచ్చేదాకా ఆగలేదు. అంటే కుదుపు మీకు సమ్మతమే అన్నమాట."

"కూర్చోవయ్యా," అని మేజిస్ట్రేటు గారు కసిరారు. ఆవిడ నిక్కచ్చి మనిషి. చిదంబరం గారు బోనెక్కి, ఆ రోజు తన చెయ్యి తన ప్రమేయం లేకుండా ఎలా ఎత్తబడిందో, ఎంత ప్రయత్నించినా మూడు స్టాపుల దాకా ఎలా దిగిరాలేదో చెబుతూ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. కోర్టులో ముక్కులు చీదిన చప్పుడు. నేరం ఒప్పుకుంటావా అని ముద్దాయిని మూడుసార్లు అడిగారు. పలకలేదు. చెప్పుకోవలసిందేమైనా ఉందా అంటే దానికీ పలకలేదు. పశ్చాత్తాపం బొత్తిగా లేదని రాసుకుని, డెబ్బై నాలుగు కింద మూడేళ్లు, డెబ్బై అయిదు కింద రెండేళ్లు, రెండు శిక్షలూ ఏకకాలంలో అమలు జరగాలని మేజిస్ట్రేటు గారు తీర్పు చెప్పారు.

కోర్టు బయట పండగలా ఉంది. ఎస్తేరమ్మ హైమను కావలించుకుంది. మహిళా సంఘంవాళ్లు శాలువా కప్పారు. చిదంబరం గారు స్వయంగా అందరికీ పూతరేకులు పంచారు. "నేను నిలబడకపోతే నీ కేసు నిలబడేదా అమ్మా?" అని హైమ చేతిలో రెండు పెట్టారు. ఆమె ఒకటి తింది. తియ్యగానే ఉంది.

శిక్ష కఠినం గనుక ముద్దాయి చేత పని చేయించాలి. ఆలోచించి ఆలోచించి జైలు గేటు లోపల రోడ్డుకి అడ్డంగా పడుకోబెట్టారు. బుద్ధిగా పని చేస్తోందని అధికారులు నెల తిరక్కుండా మెచ్చుకున్నారు.

ఇక్కడ ఊళ్లో రోడ్డు అద్దంలా తయారైంది. తీర్పు వచ్చిన తొమ్మిదో రోజున అదే బస్సులో, గాజు పలక మీద జారినట్టు సాఫీగా పోతుండగా, చిదంబరం గారి చెయ్యి మళ్లీ హైమ నడుం మీద పడింది. ఆమె మణికట్టు పట్టుకుని నేరుగా ఎస్తేరమ్మ ముందుకు లాక్కెళ్లింది.

"ఈసారి మనిషి పేరే రాయండి మేడమ్."

ఎస్తేరమ్మ కాదనలేదు. కొత్త ఫారం తీసింది, కలం మూత తీసింది. "రాస్తానమ్మా. అది నీ హక్కు. రాసేముందు వరండాలో కూర్చున్నావిడతో ఓ మాట మాట్లాడి రా."

వరండాలో ఒక టీచరమ్మ ఒళ్లో టిఫిను క్యారియరు పెట్టుకుని కూర్చునుంది. సాక్షికి సమన్లు పట్టుకెళ్లే కానిస్టేబులు ఖాళీ అవుతాడని చూస్తోంది. ఏడేళ్ల కిందట ఆవిడ మనిషి పేరే రాయించింది. ముప్పై రెండు వాయిదాలు అయ్యాయి. ఒకసారి ముద్దాయికి నడుంనొప్పి, ఒకసారి లాయరుగారింట్లో పెళ్లి, మిగతా అన్నిసార్లూ సాక్షులకి మరుపు. ఉద్యోగం రెండుసార్లు బదిలీ అయింది, ముద్దాయిది కాదు, ఆవిడది. హైమను చూడగానే పక్కకి జరిగి చోటిచ్చింది.

"మీరే కదూ స్పీడ్ బ్రేకర్ మీద గెలిచింది? పేపర్లో చూశానండి. ఎంత అదృష్టవంతులు!" అంది. ఆవిడ గొంతులో వెటకారం ఉందేమోనని హైమ వెతికింది. లేదు.

హైమ చాలాసేపు అక్కడే కూర్చుంది. తిరిగి లోపలికి వచ్చేసరికి చిదంబరం గారు ఫ్యాను కింద మజ్జిగ తాగుతున్నారు.

"బస్సులో పైన పట్టుకునే పట్టీలుంటాయి కదండీ," అంది హైమ నెమ్మదిగా. "అందులో మూడోది వదులుగా ఉందండి."

"నా తల్లే!" అంది ఎస్తేరమ్మ, కలం సవరించుకుంటూ.

పట్టీకి పన్నెండు రోజుల్లో ఏడాదిన్నర పడింది.

ఆ తరవాత హైమ పేరు చుట్టుపక్కల మండలాలకి పాకింది. మధ్యాహ్నం ల్యాబు ఖాళీగా ఉండే వేళకి ఆడవాళ్లు రక్తపరీక్ష వంక పెట్టుకుని వచ్చేవారు. ఏ సెక్షనుకి ఎంత శిక్షో, ఏది బెయిలు వచ్చేదో, ఏది రానిదో ఆమె సూది గుచ్చినంత సేపట్లో చెప్పేసేది. ఎవరి మీద పెడితే నిలబడుతుందో కూడా చెప్పేది. ఒక లిఫ్టుకి రెండేళ్లు పడింది. ఒక జిరాక్సు మిషనుకి ఏడాది. సినిమా హాల్లో చీకటికి నాలుగేళ్లు పడ్డాయి గానీ, దాన్ని జైలుకి ఎలా తీసుకెళ్లాలో తేలక చివరికి హాలుకే తాళం వేశారు. జైల్లో చోటు చాలక రేకుల షెడ్లు వేశారు. ఏడాది తిరిగేసరికి ఆడవాళ్ల మీద నేరాలకి నూటికి నూరు శిక్షలు పడ్డ మునిసిపాలిటీ అని నేరేళ్లంకకి జిల్లా స్థాయిలో జ్ఞాపిక ఇచ్చారు. మగవాళ్లు చేసిన నేరాలు అన్న గడిలో సున్నా చూసి పైఅధికారులు ముచ్చటపడ్డారు.

ఒక శుక్రవారం బట్టల షాపులో పనిచేసే చంద్రకళ అనే అమ్మాయి వచ్చింది. ఇరవై ఆరేళ్లుంటాయి. రక్తపరీక్షకని చెయ్యి చాపింది. హైమ సూది పక్కన పెట్టి, ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. నాడి నూట ఇరవై దాటి పోతోంది.

"మా మేనేజరక్కా. లెక్కలు చూడాలని లోపలికి పిలిచి..." అని ఆ అమ్మాయి ఆగిపోయింది. "ఆయన పేరు..."

"పేరు వద్దులే," అంది హైమ మృదువుగా, ఆ వేళ్లు నిమురుతూ. "ఆయన గదిలో కుర్చీ చక్రాలదా, మామూలుదా?"

చంద్రకళ కళ్లు తుడుచుకుని గుర్తు చేసుకుంది. "చక్రాలదేనక్కా."

హైమ హాయిగా ఊపిరి పీల్చుకుంది. "అయితే నీకేం భయం లేదు తల్లీ," అంది. "పదిహేను రోజుల్లో శిక్ష పడిపోద్ది."