ఆరు మిల్లీమీటర్ల ఇత్తడి అపహరణ

“ప్లేనోలో నేరం చేసి నా చేతిలోంచి తప్పించుకున్నవాడు ఇంతవరకూ పుట్టలేదు. పుట్టి ఉంటే వాడి టైమ్ బాలేదు.”

ఈ ప్రకటన చేసినవాడు పద్మనాభం. చేసిన చోటు అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనో ఊళ్ళో, జితేందర్ గరాజ్. శనివారం పొద్దున్నే, పైన బ్లేజరు, కింద పైజమా, చేతిలో జితేందర్ భార్య స్పందన ఇచ్చిన కాఫీ. పద్మనాభం పగలు ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టరు, అంటే తప్పులు వెతకడం వృత్తి. ఆఫీసులో అవి దొరకవు. అందుకని మిగతా సమయమంతా ప్రపంచంలో వెతుకుతాడు. మొన్నామధ్య ఎదురింటివాళ్ళ పిల్లి తప్పిపోతే మూడు వీధుల జనాన్ని విచారించాడు. విచారణ సాగినన్నాళ్ళూ పిల్లి వాళ్ళ సోఫా మీదే పడుకుని ఉంది.

ఇలాంటివాణ్ణి ఎందుకు పిలిచానా అని జితేందర్ అప్పటికే బాధపడుతున్నాడు. కానీ నిద్ర లేచి గరాజ్‌లోకి వచ్చి తన షెల్ఫ్ ఖాళీగా కనిపించగానే గాభరాగా ఫోన్ తీశాడు. అందులో వేలికి తగిలిన మొదటి పేరు పద్మనాభం.

“ఇప్పుడు చెప్పు. మాయమైనవి ఎన్ని తూటాలు?”

“తూటాలు కావన్నా. బ్రాస్. ఖాళీ ఇత్తడి గొట్టాలు. పేల్చినంక తూటా పోతది, గొట్టం మిగుల్తది. దాన్ని కడిగి, మెరుగువెట్టి, మళ్ళ నింపుకుంటం.”

“ఖాళీవా? ఖాళీవి దొంగిలించేవాడు మామూలు దొంగ కాదు, జితేందర్. వాడి దగ్గర నింపే ఏర్పాటు ఉందన్నమాట.” పద్మనాభం గొంతు తగ్గించాడు. “దీని వెనక కనీసం మూడు దేశాలున్నాయి.”

“అన్నా, టార్గెట్ షూటింగ్‌ది అది. కాగితం మీద గుండ్రాలు కాలుస్తం.”

“కాగితాన్ని కూడా వదలని ముఠా.”

జితేందర్ బాధ మూడు దేశాలది కాదు, ఒక్క గరాజ్‌ది. రెండు కార్లు పట్టాల్సిన ఆ గరాజ్‌లో ఒక సగం అతని కారు ఆక్రమించింది. రెండో సగం అతని పనిబల్ల, పాత రైఫిల్ తాలూకు బ్రాస్ నిండిన బకెట్లు ఆక్రమించాయి. స్పందన కారు మాత్రం బయట నిలబడి టెక్సస్ వడగళ్ళన్నీ నెత్తిన పెట్టుకుని, బానెట్ మీద సొట్టలతో ఇడ్లీ ప్లేటులా తయారైంది. క్లబ్బు మ్యాచ్‌లో ప్రతిసారీ ఆఖరున వచ్చి, “నా తప్పు కాదు, ఈ క్యాలిబర్‌ది, తూటా సైజుది” అని చెప్పి చెప్పి, ఆ రైఫిల్ అమ్మేసి ఆరు మిల్లీమీటర్ల కొత్తది కొన్నాడు జితేందర్. కొని నెలలు గడిచినా ఒక్క మ్యాచ్ ఆడలేదు. చివరికి స్పందన ఒకే మాట చెప్పింది: “ఈ ఆదివారం మ్యాచ్‌లో కాల్చు. లేకపోతే సోమవారం నీ బల్ల బయటికి, నా కారు లోపలికి.”

ఇన్నాళ్ళూ ఆడకపోవడానికి కారణం బ్రాస్ దొరకకపోవడమే. కొత్త క్యాలిబర్ కదా, షాపువాడు వెబ్‌సైట్‌లో పెట్టిన మరునిమిషం అయిపోయేది. జితేందర్ వీసా స్లాట్లకోసం రిఫ్రెష్ కొట్టి సంపాదించిన నైపుణ్యమంతా ఇక్కడ ధారపోశాడు. ఆఫీసు మీటింగుల్లో మ్యూట్ పెట్టి, రిఫ్రెష్ కొట్టి, గుప్పెడు గుప్పెడుగా పోగుచేశాడు. ఒక్కోదాన్నీ తూకం వేసి, ఒకే బరువున్నవాటిని ఒక్కో చిన్న గుడ్డసంచిలో కట్టి అట్టపెట్టెలో సర్దుకున్నాడు. ఇప్పుడా పెట్టె లేదు. మ్యాచ్ రేపే.

పద్మనాభం నేల మీద బోర్లా పడుకుని ఫోన్ టార్చి వేశాడు. పట్టపగలు, గరాజ్ తలుపు బార్లా తెరిచి ఉంది.

“ఆహా! పసుపు రంగు పొడి! గన్‌పౌడర్!”

వేలితో తీసి వాసన చూశాడు. వరసగా తుమ్మాడు. నాలుక మీద వేసుకున్నాడు.

“పసుపు” అన్నాడు గంభీరంగా. “అంటే నేరస్తుడు ఇండియన్. ప్లేనోలో ఇండియన్! వల బిగుస్తోంది.”

“సగం ప్లేనో ఇండియన్లే కదన్నా.”

“ఇందాక మొత్తం ప్లేనోని అనుమానించాలి. ఇప్పుడు సగమే. దీన్నే ప్రోగ్రెస్ అంటారు.”

తర్వాత డోర్‌బెల్ కెమెరా చూద్దామన్నాడు. స్పందనతో కలిసి ముగ్గురూ వంటింటి కౌంటరు దగ్గర ల్యాప్‌టాప్ చుట్టూ చేరారు. శుక్రవారం సాయంత్రం వీడియో మొదలవగానే పద్మనాభం కుర్చీలోంచి లేచాడు.

“పాజ్! ఎవరీ ఆడవాళ్ళు? ఒకరి వెనక ఒకరు. అందరూ పట్టుచీరల్లో మారువేషం! వచ్చేటప్పుడు ఖాళీ చేతులు, పోయేటప్పుడు ఒకేలాంటి సంచులు! వీళ్ళ నవ్వులు చూడు. ఇది ట్రైనింగ్ పొందిన ముఠా!”

“అది నా వరలక్ష్మీ వ్రతం, అన్నయ్యా” అంది స్పందన. “పేరంటానికి పిలిచాను. ఆ సంచుల్లో ఉన్నవి తాంబూలం, జాకెట్ ముక్క, రిటర్న్ గిఫ్ట్.”

“ఓహో. అయితే వాళ్ళందరూ నిర్దోషులు. లిస్టులోంచి కొట్టేద్దాం.” పద్మనాభం వాళ్ళని కేసులోంచి పూర్తిగా తప్పించి, వీడియో ముందుకు నడిపాడు. “పాజ్! వీడు! ఒకే ఒక్క మగవాడు. గుండెలకి ఏదో బరువు హత్తుకుని, అటూ ఇటూ చూస్తూ పోతున్నాడు.”

“ఆయన కృష్ణమూర్తి అంకుల్. కృష్ణకుమారి ఆంటీని తీసుకెళ్ళడానికొచ్చారు. అటూ ఇటూ చూసింది రోడ్డు దాటడానికి. చేతిలోది మిగిలిన పులిహోర.”

“పులిహోరని మీకు ఎవరు చెప్పారు?”

“నేనే కట్టిచ్చాను.”

“చూశారా? మీ చేతే కట్టించాడు! ఎంత తెలివి!”

స్పందన జితేందర్ వైపు తిరిగింది. “సోమవారానికి నా కారు కడిగించుకుంటున్నా” అని మేడ మీదకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి ఇద్దరూ కృష్ణమూర్తి ఇంటి ముందున్నారు. పద్మనాభం నారింజరంగు జాకెట్టు, నల్లకళ్ళద్దాలు, నెత్తిన హెల్మెట్, చంకలో అట్ట. మొన్నటి వడగళ్ళ తర్వాత ఊళ్ళో ప్రతి తలుపూ కొడుతున్నది ఇళ్ళ కప్పులు బాగుచేస్తామనే రూఫింగ్ సేల్స్‌వాళ్ళే కాబట్టి ఎవరికీ అనుమానం రాదని అతని లెక్క.

“అన్నా, ఆయన నిన్ను గుర్తువడ్తడు. ప్రతి వారం గుళ్ళె కలుస్తవు.”

“మారువేషం అనేది బట్టల్లో ఉండదు జితేందర్, యాసలో ఉంటుంది. నువ్వు నా వెనక నిలబడి అసిస్టెంటులా ఉండు. మాట్లాడకు.”

తలుపు తీసింది స్వయానా కృష్ణమూర్తి.

“హౌడీ సర్! ఫ్రీ రూఫ్ ఇన్‌స్పెక్షన్, సర్! యువర్ రూఫ్ ఈజ్ వెరీ వెరీ డేమేజ్, సర్!”

కృష్ణమూర్తి అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. ఆయన మొహంలో రంగు మారింది. కళ్ళు చెమర్చాయి.

“పద్మనాభం... ఉద్యోగం పోయిందా నాయనా?”

“నో సర్! ఐ యామ్ రూఫింగ్—”

“దాచకురా. ఈ ఎండలో హెచ్-వన్ మీద ఉన్నవాడు ఇళ్ళ కప్పులెక్కుతున్నాడంటే నాకు అర్థం కాదా? అయినా వీసా మీద సైడు పనులు చేయకూడదు, తెలుసా? ఒసేయ్ కుమారీ! మన పద్మనాభానికి లేఆఫ్ అయిందే! జితేందర్‌ని కూడా వెంటేసుకుని రూఫింగ్ చేస్తున్నాడు!”

కృష్ణకుమారి పరిగెత్తుకొచ్చింది. “అయ్యో! ఇద్దరికీ పోయిందా?”

“నాకు పోలేదాంటీ—” అన్నాడు జితేందర్.

“వీడికీ పోయింది కానీ చెప్పట్లేదు” అని కృష్ణమూర్తి అప్పటికే ఫోన్‌లో టైపు చేస్తున్నాడు. “ఉద్యోగానికి అర్జెంట్ రిఫరల్ కావాలి అని మన వాట్సాప్ గ్రూపులో పెడుతున్నా. నీ మేనేజరు మోహన్ కూడా అందులోనే ఉన్నాడుగా, చూస్తే బాగుండు.”

“అంకుల్, వద్దు! మోహన్‌కి వద్దు!” పద్మనాభం యాస అక్కడితో అంతరించింది.

“సిగ్గుపడకు బాబూ” అని కృష్ణకుమారి ఇద్దరి చేతుల్లో పెరుగువడ పెట్టింది. “తిని లోపలికి రా. నిన్నటి నుంచి అమ్మవారు ఇంట్లోనే కొలువుంది. సాష్టాంగపడి మొక్కుకో. వారంలో ఉద్యోగం వస్తుంది.”

పద్మనాభం జితేందర్ చెవిలో గొణిగాడు: “ఇదే అదను. నేను మొక్కుతుంటే నువ్వు బీరువాలు గాలించు.”

పూజగది అంటే మెట్ల కింద అలమర. పద్మనాభం ఆరడుగుల మనిషి. హెల్మెట్ తీయకుండానే సాష్టాంగపడ్డాడు. హెల్మెట్ పోయి పీటకి తగిలింది. పీట ఊగింది. కలశం నిలదొక్కుకుంది, కొబ్బరికాయ నిలదొక్కుకుంది. అగరబత్తి స్టాండు మాత్రం ఎగిరి, బూడిదా బియ్యం గింజలూ చిమ్ముకుంటూ గచ్చు మీద దొర్లి, పెరుగువడ తింటున్న జితేందర్ కాలి బొటనవేలికి తగిలి ఆగింది.

పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టిన చిన్న ఇత్తడి గొట్టం.

జితేందర్ వంగి తీశాడు. అడుగు తిప్పి చూశాడు. అడుగున కంపెనీవాళ్ళు గుండ్రంగా చెక్కిన అక్షరాల్లో అతని కొత్త క్యాలిబర్. చేతిలోంచి పెరుగువడ జారిపోయింది.

“ఆంటీ... ఇది ఏడిది?”

“మీ స్పందన ఇచ్చిన రిటర్న్ గిఫ్టే! ఎంత ముచ్చటగా ఉందో. అందరూ అవే కుంకుమ భరిణెలు ఇచ్చి చంపుతారు, మీ ఆవిడ చూడు, అగరబత్తి స్టాండ్లు! ఎర్ర సంచిలో ఒక గుప్పెడు పెట్టి ఇచ్చింది. నాలుగు గింజలు బియ్యం పోస్తే పుల్ల నిటారుగా నిలబడుతోంది. గ్రూపులో ఆడవాళ్ళందరూ ఫోటోలు పెడుతున్నారు.”

ఎర్ర సంచి. అప్పుడు జితేందర్‌కి వరసగా అన్నీ కళ్ళముందు తిరిగాయి. బ్రాస్ కట్టుకోవడానికి వాడినవి గృహప్రవేశం రిటర్న్ గిఫ్ట్‌లకి మిగిలిపోయిన ఎర్ర పోట్లీ గుడ్డసంచులు; స్పందన వ్రతం గిఫ్ట్‌లూ వాటిల్లోనే కట్టింది. శుక్రవారం సాయంత్రం చెవుల్లో ఆఫీసు మీటింగు, తలుపు దగ్గర, నలుగురిలో కాబట్టి మర్యాదగా, స్పందన గొంతు, “ఏమండీ, గరాజ్ షెల్ఫ్ మీద గిఫ్ట్‌ల పెట్టె, కాస్త లోపల పెట్టరూ?” మీటింగులోవాళ్ళకి “యెస్, యెస్” అంటూనే వెళ్ళి, ఎర్ర సంచులు కనిపించిన పెట్టె ఎత్తి, పేరంటాళ్ళ మధ్యలో స్వయంగా దింపి, అందరికీ నమస్కారం కూడా పెట్టి వచ్చాడు. అసలు గిఫ్ట్‌ల పెట్టె పక్క షెల్ఫ్ మీదే ఉండిపోయింది.

“అన్నా” అన్నాడు నీరసంగా. “దొంగ దొరికిండు.”

పద్మనాభం నేల మీదనుంచే తలెత్తాడు. “ఎవడు?”

“నేనే.”

పద్మనాభం లేచి హెల్మెట్ సర్దుకుని, బియ్యం దులుపుకున్నాడు. “నాకు మొదటినుంచీ నీ మీదే అనుమానం.”

ఇంటికెళ్ళి చెప్పేసరికి స్పందన మొదట నవ్వింది, తర్వాత కంగారుపడింది. “అమ్మవారి వాయనంలో తుపాకీ గొట్టాలు ఇచ్చానా? ఇది తెలిస్తే నన్ను ఇంకో పేరంటానికి పిలుస్తారా ఎవరైనా?”

“మరి తిరిగి అడుగుదమా?”

“వాయనం తిరిగి అడుగుతారా, నీకేమైనా పిచ్చా?”

అంతలో ఫోన్ మోగితే స్పందన స్పీకర్‌లో పెట్టింది. కృష్ణకుమారి.

“స్పందనా, ఒక్కమాట. ఆ అగరబత్తి స్టాండ్లు బాగానే ఉన్నాయి కానీ, కాస్త లావు మూతివి దొరుకుతాయా? మా ధూప్ పుల్లలు పట్టడం లేదు. ఉంటే ఇవి నీకిచ్చేసి అవి తీసుకుంటా. ఉమామహేశ్వరికీ అవే కావాలిట. అందరూ అదే అంటున్నారు.”

స్పందన మెల్లగా తిరిగి జితేందర్ మొహంలోకి చూసింది. జితేందర్ మెల్లగా తిరిగి గరాజ్‌లోని పాత క్యాలిబర్ బకెట్ల వైపు చూశాడు. పాత రైఫిల్ మూతి లావు. బ్రాస్ మూతీ లావే. అమ్మేసిన తుపాకీకి మిగిలిపోయి, ఎవరికీ అక్కర్లేకుండా పడున్న బకెట్లు.

“ఉన్నాయాంటీ” అంది స్పందన. “ఎన్ని కావాలంటే అన్ని.”

ఆ సాయంత్రం ప్లేనోలో ఇంటింటా మార్పిడి జరిగింది. స్పందన బొట్టు పెట్టి కొత్త వాయనం ఇస్తే, పేరంటాళ్ళు బొట్టు పెట్టి పాత వాయనం ఆమెకే ఇచ్చారు. ఎవరూ అడగలేదు, ఎవరూ తిరిగివ్వలేదు, అంతా శాస్త్రోక్తం. జితేందర్ కారు నడుపుతూ, ప్రతి ఇంటి దగ్గరా ఎర్రసంచి అందుకుని ముద్దుపెట్టుకున్నాడు. బకెట్లు ఖాళీ అయిన చోట స్పందన కారు ముందు సగం గరాజ్‌లో పట్టింది. వెనక సగం సంగతి తర్వాత చూసుకుందామని ఆమె ఒప్పుకుంది.

కడిగే టైమ్ లేక ఊరికే దులిపి, రాత్రికి రాత్రే నింపుకుని, ఆదివారం పొద్దున జితేందర్ మ్యాచ్ ఆడాడు. రైఫిల్ పేలిన ప్రతిసారీ మల్లెపూల అగరబత్తి వాసన వస్తోందని పక్క లేన్‌లో తెల్లాయన డేల్ రెండుసార్లు ముక్కు తుడుచుకున్నాడు. ఫలితాలు వచ్చాయి. చివరినుంచి మూడో స్థానం. జితేందర్ స్పందనకి ఫోన్ చేసి అరిచాడు: “మూడో ప్లేస్ వచ్చింది!” ఎటునుంచో చెప్పలేదు. బల్ల దక్కింది.

ఆనందంలో వెనక్కి తిరిగి, కాల్చిన ఇత్తడి ఏరుకుందామని నేలకేసి చూశాడు. ఒక్కటీ లేదు. పక్క లేన్ కింద లేదు. ఆ పక్క లేన్ కిందా లేదు. షూటర్లందరూ చెవులకి పెట్టుకున్న మఫ్‌లు తీసి, నేల వెతుకుతూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. షూటింగ్ క్లబ్బులో ఇంకొకరి బ్రాస్ ముట్టుకోవడం కన్నా పెద్ద నేరం లేదు.

దూరంగా, నారింజరంగు జాకెట్టులో, భుజాన బరువైన చెత్తసంచీ వేసుకుని పద్మనాభం నడిచొస్తున్నాడు. ఘల్లుఘల్లుమంటోంది.

“జితేందర్! ఈసారి ముందే జాగ్రత్తపడ్డాను! దొంగలకి ఒక్కటి కూడా మిగల్చలేదు. మొత్తం లైను ఊడ్చేశా, అన్నీ కలిపి ఒకే సంచిలో భద్రంగా పోశా!”

డేల్ ఆ సంచీ వైపు చూశాడు. జితేందర్ వైపు చూశాడు. “ఫ్రెండ్ ఆఫ్ యువర్స్?”

జితేందర్ రైఫిల్ సంచీ జిప్పు మెల్లగా మూసి, కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు.

“నెవర్ సీన్ హిమ్” అన్నాడు.