మెట్ల మలుపులో బీరువా

ఆ ఆదివారం ఉదయం మామగారు రచించిన ప్రణాళిక మహా సరళమైనది: అల్లుళ్ళిద్దరూ టేకు బీరువాను మేడ మీదికి చేర్చుట, ఆపై అందరూ కలసి భోజనం చేయుట. అత్తగారికి మొదటి భాగంతో నిమిత్తం లేదు. కూతుళ్ళిద్దరూ ఒకే బల్ల దగ్గర తింటుంటే చూడాలన్నదే ఆవిడ కోరిక. ఒక పెళ్ళి ఫొటోలో మామగారి కుడిపక్కన ఎవరు నిలబడాలన్న ధర్మసూక్ష్మం దగ్గర తోడల్లుళ్ళకు చెడింది. అది మొదలు ఎడమొహం పెడమొహం. ఒకరు కూర్చున్న బల్ల దగ్గర రెండోవారు కూర్చోరు. అలిగిన భర్త వెంట భార్యా ఆకలితో వెళ్ళిపోవలసిందే.

భూములు కొలిచి రిటైరైన మామగారు టేపును నమ్మరు. ఒక కన్ను మూసి మెట్లను పరిశీలించి, "శుభ్రంగా పడుతుంది" అని తీర్పిచ్చారు.

మలుపు దాకా బీరువా బుద్ధిగానే నడిచింది. అక్కడ మాత్రం కోటగుమ్మంలో పట్టపుటేనుగులా చతికిలబడింది. పైన పెద్దల్లుడు, కింద చిన్నల్లుడు.

"మామయ్యగారూ, కింద ఆయన్ని కాస్త ఎత్తమనండి."

"మామయ్యగారూ, పైన ఆయన్ని ముందు లాగడం నేర్చుకోమనండి."

రాయబారం నడుపుతూనే మామగారు గోడకు నూనె పూశారు. బీరువా జారింది, మలుపులోకి మరింత లోతుగా. చేతిలోని నూనె సీసా మెట్ల మీదికి జారి ఒలికింది. ఆ నూనె మీద మామగారు జారారు. అత్తగారు ఆయన్ని నడిపించుకెళ్ళి హాల్లో పడుకోబెట్టడంతో రాయబారి రంగం నుంచి నిష్క్రమించాడు.

పైవాడు పట్టు వదిలితే బీరువా కిందివాడి మీద పడుతుంది. కిందివాడు తప్పుకుంటే, గోడవారన చెయ్యి ఇరుక్కున్న పైవాణ్ణి కూడా లాక్కుని దిగుతుంది. ఒకే అడకత్తెరలో రెండు పోకచెక్కలు. చాలాసేపటికి పైనుంచి మూలుగులాంటి పలకరింపు వచ్చింది.

"ఏమయ్యా, ఉన్నావా?"

"ఉన్నాను గానీ, బొటనవేలు పోయినట్టుంది అన్నయ్యా."

"నా మోచెయ్యీ అంతే. ఈ మామగారి కంటి కొలతని నమ్మే నా కొత్త కారు గేటుకి గీకించుకున్నాను. 'పడుతుంది, రానీ రానీ' అన్నాడు!"

"మీకు కారేగా! మా వీధి తలుపుకి కొలతిచ్చింది ఈయనే. ఇప్పటికీ పక్కకి తిరిగి దూరుతున్నాం."

బీరువా గడగడ వణికింది. పైనా కిందా నవ్వుతున్నారు మరి.

"అసలా ఫొటోలో నువ్వే నిలబడాల్సిందయ్యా."

"అయ్యో, పెద్దవారు, మీరుండగానా!"

ఆ సౌహార్దంలో ఇద్దరూ ఒక్క ఊపిరిన ఎత్తేసరికి బీరువా మేడ చేరింది. బల్ల దగ్గర అక్కాచెల్లెళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. అత్తగారు గరిటె అందుకున్నారు.

"చివర్లో నేను వాటంగా తిప్పబట్టి సరిపోయింది" అన్నాడు పెద్దల్లుడు చేతులు తుడుచుకుంటూ.

"మీరు తిప్పారా? బరువంతా మోసింది నేనైతే!"

"మోశావులే! నీ మూలుగు వినలేకే బీరువా కదిలింది."

రెండు కుర్చీలు వెనక్కి జరిగాయి. పెద్దకూతురు చెప్పుల వైపు చూసింది. చిన్నకూతురు సంచీ అందుకుంది. అత్తగారు గరిటె కింద పెట్టారు.

"నాయనా, ఆ బీరువా పైన ఏం బాగాలేదు. కిందికి దింపేయండి."

మలుపులో బీరువా తన పూర్వస్థానాన్ని యథావిధిగా అలంకరించింది.

"అన్నయ్యా, మళ్ళీ అదే వేలు!"

"ఓర్చుకో తమ్ముడూ, నేనున్నాను!"

అత్తగారు కూతుళ్ళిద్దరికీ కొసరి కొసరి వడ్డించారు. అల్లుళ్ళ అన్యోన్యతకు భంగం కలిగించడం ఇష్టం లేక, వాళ్ళను భోజనానికి పిలవలేదు.