కునుకు కోసం సోలార్ కప్పు

బెంగళూరు పక్కన వర్తూరులో పిల్లప్ప తన ఇంటి పెంకులన్నీ పీకించి, వాటి బదులు సోలార్ పలకలతో కప్పు వేయించాడంటే, భూగోళం వేడెక్కిపోతోందని బెంగపెట్టుకున్నాడనుకునేరు. అంత లేదు. ఆదివారం మధ్యాహ్నం ఓ రెండు గంటలు కునుకు తీయడానికి వేయించాడు.

అతని ఉద్యోగం ఎలక్ట్రానిక్ సిటీలో, ఒక కంపెనీ గోదాములో. వారానికి ఆరు రోజులు కంపెనీ బస్సులో పోయి రావడానికే సగం ఆయుష్షు అయిపోతుంది. మిగిలిన సగం ఆదివారం సంగటి, కోడికూర తిని మంచమెక్కే పన్నెండున్నరకి మొదలవుతుంది. సరిగ్గా ఆ వేళకే పెంకు జరిగేది.

"మామా, వంటింటి మీద పెంకు జరిగుండాది. ఎక్కి సర్దు," అనేది భార్య పుష్పావతి.

పిల్లి దూకినా, కోతి నడిచినా, పక్కింటివాళ్ళు గట్టిగా తుమ్మినా జరిగే పెంకులవి. మోకాళ్ళు పట్టేశాయన్నాడు పిల్లప్ప. కళ్ళు తిరుగుతున్నాయన్నాడు. నిచ్చెన గట్టిగా పట్టుకుంటానని ఆమె ధైర్యం చెప్పిందే తప్ప సెలవివ్వలేదు.

పుష్పావతిదీ ఉద్యోగమే. ఆరు రోజులు గార్మెంట్స్‌ ఫ్యాక్టరీలో కుట్టుమిషను, ఏడో రోజు ఇల్లు. రుబ్బడం, ఉతకడం, ఇస్త్రీ అన్నీ ఆదివారం తెల్లవారుజామునే లేచి ముగించేది. ఆ వేళకి పిల్లప్పకి మెలకువ రాదు కాబట్టి, ఆ పనులు వాటంతటవే అయిపోతాయని అతని నమ్మకం.

అలాంటి రోజుల్లో సోలార్ మనిషి గిరిధర్ వచ్చాడు. "పెంకుల మీద పెట్టేవి కావు సార్, పెంకుల బదులు వేసేవి. జరగవు, కారవు. ఒకటే కండిషన్. వీటి మీద ఎవరూ కాలు పెట్టకూడదు."

"ఆ కడపటి మాట ఇంకోసారి చెప్పప్పా," అన్నాడు పిల్లప్ప. ఆనందంగా అతని దగ్గరికి జరిగాడు.

ఆ సాయంత్రమే భార్య దగ్గర విషయం ఎత్తాడు.

"పుష్పావతీ, భూమిని మనం కాపాడుకోవాల కదా!"

మామూలుగా "ఏమే" అనే మొగుడు పేరు మొత్తం పలికాడంటే అర్థం ఆమెకు తెలుసు. "ఏం కావాల నీకు?"

"నాకేం వద్దు. సూర్యుడు సుమ్మనే, పైసా అడక్కుండా కరెంటిస్తా ఉండాడు, తీసుకుందామని."

"నువ్వు పుట్టకముందు నుంచీ ఉండాడు కదా మామా. ఈ పొద్దే కనపడినాడా?" అంది గానీ, ఆమె సరేనంది. అంత తేలిగ్గా సరేనన్నప్పుడే అతను అనుమానపడాల్సింది.

కప్పు వచ్చింది. మొదటి ఆదివారం పిల్లప్ప మహారాజులా మంచమెక్కాడు. కళ్ళు మూతపడ్డాయో లేదో, వంటింట్లో మిక్సీ అరిచింది. వెనకే గ్రైండరు, దాని వెనకే వాషింగ్ మిషను.

"ఏమే, ఇప్పుడా రుబ్బేది?"

"ఇంకెప్పుడు? ఎండ కరెంటు ఎండ ఉన్నప్పుడే వాడుకోవాలంట. గిరిధర్ చెప్పినాడు. మిట్టమధ్యాహ్నమే బాగా వస్తాదంట." ఆమె ఫోన్ చూపించింది. అందులో కప్పు ఎంత కరెంటు ఇస్తోందో అంకె కనబడుతోంది. "ఇది తగ్గితే అన్నీ ఆపేస్తా. ఉండే వరకూ ఒక్క చుక్క వదల్ను."

భూమిని కాపాడాలన్నవాడు దిండు కింద తల పెట్టుకున్నాడు.

రెండో వారం పక్కింటి పాపక్క దోసెపిండికి నానబెట్టిన బియ్యం గిన్నెతో వచ్చింది. మూడో వారం ఎండుమిరపకాయలతో వచ్చింది. పిల్లప్ప మంచం మీద పదిహేడు తుమ్ములు తుమ్మాడు. "తుమ్మితే ఏముండాది, ఇప్పుడు పెంకులు జరగవు కదా," అని పుష్పావతి ఊరడించింది.

నాలుగో వారం ఒక మబ్బు అడ్డొచ్చింది. అంకె పడిపోయింది. చెప్పినట్టే ఆమె అన్నీ ఆపేసింది. ఆ పది నిమిషాల్లో పిల్లప్పకి కునుకూ పట్టింది, ఉపాయమూ తట్టింది.

ఐదో ఆదివారం భోజనం కాగానే ఒకప్పుడు వానకి పెంకుల మీద కప్పిన టార్పాలిన్లు రెండూ చంకన పెట్టుకుని, చప్పుడు కాకుండా పెరట్లో నిచ్చెన వేశాడు. మోకాళ్ళు పట్టేసిన మనిషి చకచకా ఎక్కాడు. చివరి మెట్టు మీద నిలబడి, పొడుగాటి కర్రతో టార్పాలిన్లను పలకల మీదికి నెట్టాడు. లోపల గ్రైండరు ఆగింది. మిషను ఆగింది. ఆహా, ఏమి నిశ్శబ్దం!

"మామా, పైన ఎండ బాగుండాదా?"

కింద పుష్పావతి, పక్కన గిన్నె పట్టుకుని పాపక్క.

"పావురాలే... గలీజు చేస్తా ఉంటే..." అన్నాడు పిల్లప్ప.

"అందుకని దుప్పటి కప్పి జోకొడతా ఉండావా?"

"అయ్యో పిల్లప్పా, నీకు మోకాళ్ళు పట్టేసినాయంటివే!" అంది పాపక్క. పిల్లప్ప గబుక్కున మోకాలు పట్టుకున్నాడు.

పుష్పావతి కోప్పడలేదు. తడిగుడ్డ చుట్టిన కర్ర, బకెట్టుతో నీళ్ళు అందించింది. "వారానికొకసారి పలకలు తుడవాలంట. కప్పు వేసిన పొద్దే గిరిధర్ చెప్పినాడు. నిన్ను ఎట్ల ఎక్కించాలా అని నెల నుంచీ ఆలోచిస్తా ఉండాను. నిదానంగా తుడువు. కరెంటు వచ్చేదాకా నాకూ పని లేదు."

పాపక్క గిన్నె అక్కడే పెట్టి ఇంటికెళ్ళింది. పిల్లప్ప టార్పాలిన్ కొంచెం కొంచెం ఎత్తి తుడుస్తూ, తుడిచిన చోట మళ్ళీ కప్పుతూ వచ్చాడు. పని ముగిశాక ఒక గంటైనా పడుకోవచ్చని ఇంకా ఆశ.

చెమటలు కక్కుతూ దిగి, కిటికీలోంచి చూశాడు. మంచం ఖాళీగా లేదు. పుష్పావతి పడుకుని ఉంది, చెంగు మొహం మీదికి లాక్కుని, గాఢనిద్రలో.

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆదివారం మధ్యాహ్నం ఆమె నడుం వాల్చగా అతను చూడలేదు. అసలు ఆమెకీ నిద్ర వస్తుందని అతనికి ఎన్నడూ తోచలేదు. అందుకు సిగ్గేసింది. లేపి తన మంచం తాను అడగడానికి నోరు రాలేదు.

టార్పాలిన్లు తీసేద్దామని మళ్ళీ ఎక్కాడు. చెయ్యి చాపి ఆగాడు. తీస్తే అంకె లేస్తుంది, పాపక్క గిన్నె లేస్తుంది, ఆమె లేస్తుంది. నిచ్చెన మెట్టు మీదే కూర్చున్నాడు.

కాసేపటికి గోడ అవతల్నుంచి పాపక్క కేకేసింది. "పిల్లప్పా, కరెంటు వచ్చిందా?"

నడినెత్తిన ఎండ మాడ్చేస్తోంది. పిల్లప్ప పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"ఇంకా లేదక్కా," అన్నాడు గుసగుసగా. "బాగా మబ్బు పట్టుండాది."